‘యాంబిషన్’ పాడిన పోస్ట్‌మ్యాన్

పంక్ అనగానే మనకి గుర్తొచ్చేవి రెండు మూడు పేర్లే. సెక్స్ పిస్టల్స్, ద క్లాష్, రమోన్స్. హాస్టల్లో టీషర్టుల మీద కనిపించేవీ ఇవే. పాటలు వినకపోయినా బొమ్మలు మాత్రం అందరికీ తెలుసు. ఈ మధ్య ఆ కాలం పాటలు వరసపెట్టి వింటుంటే ఎక్కడో అడుగున ఒక పాట దొరికింది. పేరు ‘యాంబిషన్’. 1978లో వచ్చింది. బ్యాండ్ పేరు సబ్‌వే సెక్ట్, పాడినాయన విక్ గొడార్డ్.

పంక్ అంటే అరుపులు, కోపం అనుకుని వింటే ఈ పాట మనల్ని కాస్త తికమక పెడుతుంది. గిటార్ల గరగర మధ్యలో ఒక కీబోర్డు ట్యూన్ గిరగిరా తిరుగుతూ ఉంటుంది. గొంతులో అరుపు లేదు, గొప్ప స్వరమూ లేదు. పక్కన నిలబడి తన గోడు తనే చెప్పుకుంటున్న మనిషిలా పాడతాడు. మూడు నిమిషాల్లో అయిపోతుంది. నేను వెంటనే మళ్లీ పెట్టుకున్నాను. తర్వాత ఈయన ఎవరా అని వెతికితే పాట కంటే పెద్ద కథ బయటపడింది.

1976 సెప్టెంబర్ 20న లండన్‌లో ‘100 క్లబ్’ అనే చోట పంక్ ఫెస్టివల్ జరిగింది. ఆ రాత్రి స్టేజీ ఎక్కినవి నాలుగు బ్యాండ్లు: సెక్స్ పిస్టల్స్, ద క్లాష్, సూజీ అండ్ ద బాన్షీస్, సబ్‌వే సెక్ట్. మొదటి మూడూ చరిత్రలోకెక్కాయి. నాలుగోది 1977లో క్లాష్‌తో కలిసి ‘వైట్ రయట్’ టూర్ కూడా చేసింది. 1978లో మొదటి ఆల్బమ్ రికార్డు చేసుకుంది. అప్పుడే వాళ్ల మేనేజర్ బెర్నార్డ్ రోడ్స్ (క్లాష్‌కీ ఆయనే మేనేజర్) గొడార్డ్‌ని ఉంచి మిగతా వాళ్లని తీసేశాడు. ఆల్బమ్ మూలన పడింది. ఆ మొదటి బ్యాండ్ నుంచి బయటికొచ్చిన కొద్దిపాటి పాటల్లో ‘యాంబిషన్’ ఒకటి. ఆ పేరుకీ, దానికి పట్టిన గతికీ పొంతన చూడండి!

గొడార్డ్ ఆగలేదు. 1980లో ఒక ఆల్బమ్ తెచ్చాడు. 1982లో ‘సాంగ్స్ ఫర్ సేల్’ అంటూ ఏకంగా పాతకాలపు స్వింగ్, జాజ్ బాణీలోకి దిగాడు. అప్పుడు తనతో వాయించిన కుర్రాళ్లు వేరే సింగర్‌తో ‘జోబాక్సర్స్’గా మారి 1983లో హిట్టు కొట్టారు. ఈయన మాత్రం 80ల మధ్యలో పోస్ట్‌మ్యాన్ ఉద్యోగంలో చేరాడు. ఏదో నాలుగు నెలలకి కాదు, ఏళ్ల తరబడి లండన్ వీధుల్లో ఉత్తరాలు పంచాడు.

సినిమా అయితే ఇక్కడ విషాద సంగీతం మోగేది. కానీ ఆయన పాటలు రాయడం మానలేదు. కుర్రతనంలో సబ్‌వే సెక్ట్‌ని చూసి ప్రభావితుడైన ఎడ్విన్ కాలిన్స్ అనే స్కాటిష్ గాయకుడు 1993లో ఆయన కొత్త ఆల్బమ్‌ని ప్రొడ్యూస్ చేశాడు. 2007లో గొడార్డ్ ఆ పోయిన ఆల్బమ్ రోజుల పాటల్ని మళ్లీ రికార్డు చేసి ‘1978 నౌ’ అని పేరు పెట్టాడు. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత! 2014లో దానికి తోడు ‘1979 నౌ’ కూడా వచ్చింది.

ఇప్పుడు నా వాదన. ఈ కథని “పాపం, టాలెంట్ ఉండి కూడా పోస్ట్‌మ్యాన్ అయ్యాడు” అని చెప్పేవాళ్లున్నారు. నాకది నచ్చదు. ఆ ఉద్యోగం ఆయన కెరీర్‌లో పడిన గొయ్యి అని నేననుకోను. కెరీర్‌ని నిలబెట్టిన దిమ్మె అది. జీతం ఒకచోట నుంచి వస్తుంటే, పాట హిట్టవ్వాలన్న తొందర ఉండదు. పంక్ నుంచి జాజ్‌కి దూకినా అన్నం పెట్టే చెయ్యి ఆగిపోదు. పాట తన ఇష్టప్రకారం బతకొచ్చు.

అలాగని ఆయనకి అన్యాయం జరగలేదని అనను. పూర్తయిన ఆల్బమ్‌ని మూలన పడెయ్యడం అన్యాయమే. దాన్ని “కళాకారుడికి కష్టాలు మంచివే” అని తీపి పూత పూసి మింగించకూడదు.

మన దగ్గర మూడో సంవత్సరం రాగానే క్లబ్ మీటింగులకి వచ్చేవాళ్లు సగమైపోతారు. కథలు రాసేవాళ్లు, గిటార్ వాయించేవాళ్లు అందరిదీ ఒకటే మాట: “ముందు ప్లేస్‌మెంట్ అవ్వనీ రా, తర్వాత చూద్దాం.” ఇంకో రకం వాళ్లుంటారు: “జాబ్‌లో పడ్డామంటే ఇవన్నీ గోవిందా.” రెండు మాటలూ వేరుగా వినిపిస్తాయి గానీ, రెండింట్లోనూ ఉద్యోగం, కళ సవతులే. ఒకటి ఇంట్లో ఉంటే రెండోది గడప దాటాల్సిందే.

పదకొండు గంటలు స్క్రీన్ ముందు కూర్చున్నాక కథ ఎవడు రాస్తాడని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మన ఉద్యోగాలు మెదడుని కూడా పిండేస్తాయి. ఇంటి అప్పులు, చెల్లి పెళ్లి లాంటివి చాలామందికి ఉన్నాయి. అందుకే రోజుకో కథ రాయమని అనను. ఏడాదికొకటి రాసినా రాస్తున్నట్టే. “ఒకప్పుడు రాసేవాణ్ణి” అనే మాట ఇరవై రెండేళ్లకే అనకండి, అంతే.

ముందు ‘యాంబిషన్’ వినండి, తర్వాత ‘1978 నౌ’ వినండి. మొదటిదాంట్లో పాడేది కుర్రాడు, రెండోదాంట్లో నడివయసు మనిషి. మధ్యలో ఉన్నవి వృథా అయిన ఏళ్లని మీకనిపిస్తే, వచ్చే మీటింగ్‌లో నాతో గొడవ పడండి. కాకపోతే మీటింగ్‌కి రావాలి మరి!