భీమవరం మందు, సాక్చి బిడ్డలు

తలసేమియా, సికిల్ సెల్ వ్యాధులతో పుట్టే బిడ్డలు మన సాక్చి ఉన్న జార్ఖండ్‌లోనూ ఉన్నారు. ఎక్కించుకున్న రక్తంతో రోజులు గడుస్తాయి, జబ్బు నయం కాదు. నయం చేయగల చికిత్సల్లో ముఖ్యమైనది ఎముక మజ్జ మార్పిడి. అయితే దాత నుంచి వచ్చిన తెల్లకణాలు రోగి ఒంటినే పరాయిదనుకొని దాడి చేయవచ్చు. ఆ దాడిని అణచడానికి సైక్లోస్పోరిన్ అనే మరో మందుతో కలిపి ఇచ్చే మందు మెథోట్రెక్సేట్. దాన్ని అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలో రూపొందించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందమే! ఆయన 1948లో కన్నుమూశారు. మజ్జ మార్పిడికి నోబెల్ బహుమతి ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు, 1990లో వచ్చింది.

మందు ఉన్నా దాత కావాలి. తోడబుట్టినవారిలో ఒక్కొక్కరి కణజాలం పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటే. బయటి దాత సొంత సముదాయంలో దొరికే వీలే ఎక్కువ. సాక్చి తెలుగు యువతీయువకులారా, పద్దెనిమిదేళ్లు నిండితే మజ్జ దాతల జాబితాలో పేరు రాయించండి. ముందుగా ఇవ్వాల్సింది బుగ్గ లోపలి నమూనా మాత్రమే.