పొరుగువాడి మౌనం అంగీకారం కాదు

పోయిన నెల మా గల్లీకి మునిసిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టర్ వచ్చారు. మురుగు కాలువ పొంగి వీధిలో పారుతోందని మేమంతా సంతకాలు చేసి ఇచ్చిన అర్జీ మీద వచ్చారు. కాలువ చూశారు, చెత్తకుప్ప చూశారు, రెండు రోజుల్లో తీయిస్తామన్నారు. ఆయన వెళ్లబోతుంటే ఒక ముసలమ్మ ఆపి, "బాబూ, ఈ పెళ్లి మైకుల సంగతేమిటి? అర్ధరాత్రి దాకా గుండె అదురుతోంది" అని అడిగింది. "అమ్మా, మురుగు మాది, మోత పోలీసులది" అన్నారాయన. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆయన చెప్పింది నిజమే. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లకు మించి శబ్దం ఉండరాదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకు పెట్టరాదు. ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా, పండుగ రోజుల్లో రాత్రి పన్నెండు దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు, అంతే. దీన్ని అమలు చేయవలసింది జిల్లా మేజిస్ట్రేటు, పోలీసు కమిషనరు, ప్రభుత్వం నియమించిన డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి. మురుగు, చెత్త, దోమలు మునిసిపాలిటీ ఆరోగ్య విభాగానివి. నిధులు లేవని వారు తప్పించుకోలేరు. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో ఒక వార్డు ప్రజలు మురుగు కంపు భరించలేక మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లారు. డబ్బు లేదన్న మునిసిపాలిటీ వాదనను 1980లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా ఫిర్యాదు చేసేవారు ఎందరు? కాలువ మీద అర్జీకి వీధంతా సంతకం చేస్తుంది. పక్కింటి మైకు మీద ఒక్కరూ చేయరు. రేపు ముఖం ముఖం చూసుకోవాలి కదా అని జంకు.

ఫిర్యాదు చేయడం పాపమని కొందరనుకుంటారు. పొరుగువాడు బాధిస్తున్నాడని ఒక వ్యక్తి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చిన సంఘటన అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. మొదట ఓర్పు వహించమన్నారు. అతను మళ్లీ మళ్లీ వచ్చేసరికి, ఇంటి సామాను తీసి దారిలో పెట్టమన్నారు. దారిన పోయేవారు కారణం అడిగి ఆ పొరుగువాణ్ణి నిందించసాగారు. అతడు సిగ్గుపడి వచ్చి, ఇక నీకు కష్టం కలిగించను, ఇంట్లోకి పద అని బతిమాలుకున్నాడు. ఓర్పు ముందు, ఫిర్యాదు తర్వాత. కానీ ఫిర్యాదుకు చోటు ఉంది.

తాను మస్జిదులో ఏతెకాఫ్‌లో ఉండగా అక్కడివారు బిగ్గరగా ఖుర్ఆన్ పఠిస్తుంటే, ఒకరినొకరు ఇబ్బంది పెట్టుకోవద్దని దైవప్రవక్త (స) వారించారు. పఠనానికే ఆ హద్దు ఉన్నప్పుడు మన బరాత్ బ్యాండుకు, మన జల్సా మైకుకు హద్దు ఉండదా?

ఈ మాట అనే అర్హత నాకుందా అని నన్ను నేనే అడిగాను. కొన్నేళ్ల క్రితం మా అమ్మాయి పెళ్లిలో పన్నెండు దాటినా ఖవ్వాలీలు మోగించాం. పక్కింటి మాస్టారు ఒక్క మాట అనలేదు. ఆయన మనవరాలికి మర్నాడే పదో తరగతి లెక్కల పరీక్ష అని వారం తర్వాత ఇంకొకరు చెబితే తెలిసింది. వెళ్లి మాఫీ అడిగాను. "పోనివ్వండి మౌల్వీసాబ్, ఆడపిల్ల పెళ్లి కదా" అన్నారు. ఆయన తిట్టి ఉంటే మరిచిపోయేవాణ్ణేమో. ఆ మంచితనం ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది.

అధికారి ఫిర్యాదు అందితేనే వస్తాడు. మంచి పొరుగువాడు ఫిర్యాదు చేయడు. అంటే ఎవరి మంచితనం ఎక్కువో వారికే చట్టం తక్కువ అందుతుంది. ఆ వెలితిని పూడ్చవలసింది మనమే.

సోదరులారా, కాలువ పొంగితే అర్జీ ఇవ్వండి, మోత మితిమీరితే పోలీసులకు చెప్పండి, తప్పు లేదు. కానీ మన ఇంట శుభకార్యం ఉన్న రోజున, మైకు పెట్టక ముందే, పక్కింటి తలుపు తట్టి ఒక్క మాట అడుగుదాం: మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా? రేపు పిల్లలకు పరీక్ష ఉందా?