మన్యమున ఆరోగ్యబోధ

భద్రాచలము దాటి దుమ్ముగూడెము, చర్లల వైపు పోయినకొలది అడవి దట్టమగును. వానలు పట్టినకొలది అచట చలిజ్వరము తల యెత్తును. పెద్దలు దీనిని మన్యపు జ్వరమనిరి. వైద్యులు మలేరియా యందురు. దీనిని దోమయే మోయుచున్నదని రోనాల్డు రాస్ దొర 1897వ సంవత్సరమున కనుగొనినది మన సికింద్రాబాదులోనే. నూరేండ్లు గడచినవి. పూర్వముకంటె జ్వరము తగ్గినది గాని అడవియంచు పల్లెలను పూర్తిగా విడువలేదు. కారణము తెలిసియు రోగమేల నిలిచియున్నది? కొండవాగులు, దారిలేని గూడెములు మొదలగు హేతువులు కొన్ని కలవు. చెప్పువారికిని వినువారికిని నడుమ మాట కుదరకపోవుట యింకొకటి. నేడు దానినే ముచ్చటింతము.

వానలకు ముందు ఇంటి లోపలి గోడలకు దోమలమందు కొట్టుదురు. రక్తము త్రాగిన దోమ బరువెక్కి గోడపై వ్రాలి, ఆ మందు సోకి చచ్చును. కాని గూడెములలో మట్టిగోడల యిండ్లు మెండు. పండుగ వచ్చెనన్న ఇల్లాలు గోడలను మట్టితో అలుకును. మందంతయు మట్టిక్రింద పడిపోవును. ఇది ఆమె తప్పా? ఇల్లు అలికి ముగ్గుపెట్టుట మనమును మన తల్లులవద్ద నేర్చిన పనియే కదా. “అలుకవద్దు” అని ఆజ్ఞాపించిన ఆమె వినదు. “మీరెప్పుడు అలుకుదురమ్మా?” అని ముందుగా అడిగి, అలుకు ఆరిన పిమ్మట మందు కొట్టించిన పండుగయు నిలుచును, మందును నిలుచును.

కావున ఆరోగ్యబోధకు బయలుదేరు సోదరీమణులు మొదట అడిగి తెలిసికొనవలెను. వేసవిలో స్త్రీలు తెల్లవారకముందే ఇప్పపువ్వు ఏరుటకు, పిదప తునికాకు కోతకు అడవికి పోవుదురు. ఆ వేళ సభ పెట్టిన ఖాళీ పందిరియే మిగులును. వారపు సంతనాడు పిలువకయే పదిమంది చేరుదురు.

రెండవది భాష. తెలుగు వచ్చిన కోయ తల్లికైనను, బిడ్డ జ్వరమునుగూర్చిన మాట తన భాషలో విన్నప్పుడే మనసున నాటును. 2005వ సంవత్సరమున మొదలైన పథకముననుసరించి ఏర్పడిన ఆశా కార్యకర్తలు ఆ యూరివారే. వారిని ముందు నిలిపి మనము వెనుక నిలుచుట మేలు.

మూడవది చేసి చూపుట. దోమతెర పంచినంత మాత్రమున పని తీరదు. ఆ యింట దానిని ఎచ్చట కట్టవలెను, పోడుచేని మంచెపై కావలియుండువారు ఎట్లు వాడుకొందురు అని వారితో కూడి ఆలోచింపవలెను. మందు పట్టించిన తెరను మాటిమాటికి ఉతుకరాదనియు, ఎండలోగాక నీడలో ఆరవేయవలెననియు చూపవలెను.

చెప్పవలసిన మాటలు కొద్దిగానే యుండవలెను. జ్వరము సోకిననాడే వ్రేలికొసనుండి రక్తపుచుక్క తీయించి పరీక్ష చేయింపవలెను. కొద్ది నిమిషములలో ఫలితము తెలియును. ఇచ్చిన మాత్రలు పూర్తిగా మ్రింగవలెను. వైవాక్స్ అను మలేరియా క్రిమి కాలేయములో దాగి, కొన్ని వారములకో నెలలకో మరల లేచును. అందుకే ఆ జ్వరమునకు పదునాలుగు దినముల మందు కూడ ఇత్తురు. గర్భిణికి మందు వేరు. ఆ సంగతి వైద్యునితో ముందే చెప్పవలెను.

కొన్ని నెలలు గడచిన తరువాత మరల పోయి చూడవలెను. ఎన్ని సభలు జరిగినవని కాదు, రాత్రివేళ ఎన్ని తెరలు కట్టియున్నవని లెక్కింపవలెను. కట్టనివారిని నిందింపక కారణమడుగవలెను. ఆ జవాబే మరుసటి యేటి కార్యక్రమమునకు మొదటి పంక్తి.

ఖమ్మము పట్టణమున మేడలలోనున్న మనము మాత్రము తప్పించుకొన్నవారము కాము. డెంగీ దోమ మన తొట్లలోను, పూలకుండీల పళ్లెములలోను పెరుగును. గ్రుడ్డు దోమయగుటకు రమారమి వారము పది దినములు పట్టును గనుక, ప్రతి శుక్రవారము ఆ నీటిని పారబోసి తొట్టి అంచులను తోమవలెను. మన యిల్లు సరిచేసికొని పోయినవారి మాటకే గూడెములో విలువ యుండును.