మేడి పట్టేవాణ్ణి అడగండి



కిందటేడు మన యూనియన్ చేసిన మంచి పనుల్లో ఒకటి, చూపులేని ఇద్దరు విద్యార్థులకు కంప్యూటర్లు కొనిపెట్టడం. హాస్టలు గదులన్నీ తిరిగి చందాలు పోగుచేశాం. అధ్యాపకులు కూడా తలా ఒక చెయ్యి వేశారు. డబ్బు చేతికొచ్చాక కామన్ రూములో మీటింగు పెట్టి "ఏం కొందాం?" అనుకున్నాం. పది నిమిషాల్లో తేలిపోయింది. రెండు లాప్‌టాపులు, ఇద్దరికీ ఒకే రకం. చెయ్యెత్తిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. చప్పట్లు కొట్టుకుని గదులకు పోయాం. ఎవరి కోసం ఆ మీటింగు పెట్టామో ఆ ఇద్దరూ అక్కడ లేరు. వాళ్లను పిలవాలని మాలో ఒక్కడికీ తోచలేదు.

ఆ ఇద్దరిలో ఒకడు నా రూమ్మేటు, బి.ఏ. విద్యార్థి. వాడి టేబులు మీద ఇవాళ ఆ లాప్‌టాపు ఎలా ఉందో చెబుతాను. దాని మూత మూసే ఉంటుంది. స్కాలర్‌షిప్పు డబ్బులతో విడిగా కొనుక్కున్న పెద్ద కీబోర్డు ఒకటి దానికి వైరుతో తగిలించి ఉంటుంది. ఛార్జరు ఊడదీసేది లేదు. అది గది గడప దాటడం నేను చూడలేదు. ఒకరోజు ఉండబట్టలేక, "ఏందిరా ఇది, లాప్‌టాపును తీసుకెళ్లి పెట్టెను చేశావు?" అన్నాను. వాడు నవ్వి, "నాకు మొదట్నుంచీ కావలసింది పెట్టేరా. మీరు అడిగితే గదా!" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు పట్టి పీడించింది. ఈ వ్యాసానికి కారణం అదే.

చూపులేనివాళ్లు కంప్యూటరు ఎలా వాడతారన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. తెర మీద ఉన్న అక్షరాలను గొంతుగా మార్చి వినిపించే సాఫ్ట్‌వేరు ఉంటుంది. దాన్ని స్క్రీన్ రీడర్ అంటారు. 1978లో కారు ప్రమాదంలో చూపు పోగొట్టుకున్న టెడ్ హెంటర్ అనే అమెరికన్, అంతకుముందు మోటారు సైకిలు పందేలలో పోటీ చేసినవాడు, తన సంస్థ ద్వారా 1989లో 'జాస్' అనే స్క్రీన్ రీడరును తెచ్చాడు. అది మంచిదే, కానీ ఖరీదైనది. ఆ ఖరీదు భరించలేని వాళ్ల మాటేమిటన్న ఆలోచనతో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు 2006లో ఎన్.వి.డి.ఎ. అనే దాన్ని రాయడం మొదలుపెట్టాడు. చూపులేని మరో యువకుడు జేమ్స్ టే ఆయనతో చెయ్యి కలిపాడు. అది నేటికీ ఉచితమే. అందులోని ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. యాసగా చదివినా చదువుతుంది! నా రూమ్మేటు వాడేది ఇదే.

అంటే ఏమిటి? చూపులేనివాడికి కంప్యూటరంటే కీబోర్డు, గొంతు. తెర కాదు. మౌసుతో కూడా వాడికి పెద్ద పని ఉండదు. కానీ మనం కంప్యూటరు కొనేటప్పుడు మొట్టమొదట చూసేది తెరనే! ఎన్ని అంగుళాలు, ఎంత మెరుపు అని. మన కళ్లతో చూసి వాడికి కొన్నాం.

ఇప్పుడు పుస్తకం పరిమాణంలోనూ, అంతకన్నా చిన్నగానూ డెస్క్‌టాప్ కంప్యూటర్లు వస్తున్నాయి. వీటినే మినీ పీసీలు అంటున్నారు. ఆపిల్ సంస్థ 2005లో 'మ్యాక్ మినీ'ని తెరా, కీబోర్డూ, మౌసూ లేకుండా ఉత్త పెట్టెగా అమ్మింది. వాయిస్ ఓవర్ అనే చదివే గొంతును ఆ సంస్థ తన కంప్యూటర్లలోనే కలిపి ఇవ్వడం మొదలైంది కూడా ఆ ఏడాదే. ఇలాంటి పెట్టె సాధారణంగా అదే శక్తి గల లాప్‌టాపు కన్నా చవక. ఎందుకంటే తెరకూ, బ్యాటరీకీ డబ్బు పెట్టనక్కర లేదు.

నా రూమ్మేటు పెట్టె కావాలన్నది చవక అని మాత్రమే కాదు. వాడి పట్టుదలంతా కీబోర్డు మీద. పెద్ద కీబోర్డుకు కుడివైపున అంకెల మీటలు ఉంటాయి చూశారూ, ఎన్.వి.డి.ఎ.లో వాటితో చదువుకోవచ్చు. 8 నొక్కితే ఉన్న వాక్యపు వరుస, 7 నొక్కితే పై వరుస, 9 నొక్కితే కింది వరుస. 4, 5, 6 మాటలకు. 1, 2, 3 అక్షరాలకు. నడుమ 5 మీద చిన్న బొడిపె ఉంటుంది, వేలు దాన్ని పట్టుకుని తన చోటు తెలుసుకుంటుంది. ఒక చేత్తో పుస్తకమంతా తిరగేయవచ్చన్నమాట. మనం కొన్న లాప్‌టాపులో ఆ మీటలు లేవు. ఆ పనులకే రెండు మూడు మీటలు కలిపి నొక్కాలి. రోజుకు ఏడెనిమిది గంటలు బ్యాంకు పరీక్షలకు చదివేవాడికి అది తేలికైన సంగతి కాదు. పైగా పెట్టె కీబోర్డు చెడితే ఊడదీసి కొత్తది తగిలించుకోవచ్చు. లాప్‌టాపు కీబోర్డు చెడితే మొత్తం రిపేరు షాపులో పడేయాలి, ఆ నాలుగు రోజులూ చదువు బంద్.

"అయితే అందరికీ పెట్టెలే కొందామా?" అంటారేమో. ఆగండి. రెండో లాప్‌టాపు తీసుకున్న అక్క పి.జి. చేస్తోంది, లేడీస్ హాస్టల్లో ఉంటుంది. ఆమెనూ అడిగాను. "నాకు లాప్‌టాపే దేవుడు తమ్ముడూ!" అంది. ప్రతి శనివారం బస్సెక్కి ఊరికి పోతుంది. ఈదురుగాలి వస్తే చాలు వాళ్ల ఊళ్లో కరెంటు పోద్దట. పెట్టెకు బ్యాటరీ ఉండదు. కరెంటు పోయిన క్షణంలో రాసుకున్న నోట్సు గాలికి పోయినట్లే. లాప్‌టాపు అయితే ఆగకుండా పలుకుతూనే ఉంటుంది. పైగా తెర వెలుగు పూర్తిగా తగ్గించేసుకుంటుంది కాబట్టి బ్యాటరీ మనకన్నా ఆమెకే ఎక్కువసేపు వస్తుంది! క్లాసులోనూ, లైబ్రరీలోనూ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని నోట్సు రాసుకుంటుంది. ఆమె ఇంకోమాట చెప్పింది. "మీకు తెర ఆగిపోతే చీకటి. మాకు గొంతు ఆగిపోతే చీకటి. లాప్‌టాపులో స్పీకరు లోపలే ఉంటుంది. ఆ ధైర్యం వేరు."

నిజమే. చాలా మినీ పెట్టెలకు సొంత స్పీకరు ఉండదు. మానిటర్‌లోని స్పీకరు మీద ఆధారపడితే, మానిటర్ తీసేయగానే పెట్టె మూగబోతుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు కొన్ని మాట మొదటి అక్షరాన్ని మింగేస్తాయి. అందుకని వైరు ఉన్న స్పీకరు, వైరు ఉన్న కీబోర్డు, చిన్న యు.పి.ఎస్., ఇవన్నీ కలిపి లెక్క వేసుకోవాలి. కంప్యూటరు పూర్తిగా లేవకముందు వచ్చే మొదటి తెరలను సామాన్యంగా ఏ గొంతూ చదవదు. అక్కడ చిక్కు వస్తే చూపున్నవాడు ఒకడు మానిటర్ తగిలించి చూడవలసిందే. ఇవి తెలియకుండా "చవక గదా" అని పెట్టె కొని చేతిలో పెట్టినా అది మరో పొరపాటే అవుతుంది.

"లాప్‌టాపయితే రెండు విధాలా పనికొస్తుంది గదా, మూత మూసి టేబులు మీద పెట్టుకుంటే సరి" అని ఒక మిత్రుడు వాదించాడు. పనికొస్తుంది, కాదనను. కానీ చూడని తెరకూ, వాడని బ్యాటరీకీ మన చందాల డబ్బు పోసి, కావలసిన కీబోర్డును మాత్రం వాడి స్కాలర్‌షిప్పు డబ్బుతో కొనిపించాం. ఇది సాయమా? ఇద్దరికీ ఒకే వస్తువు ఇవ్వడం సమానత్వం అనుకున్నాం. ఒకే కొలత చెప్పులు ఊరందరికీ పంచడం సమానత్వం అవుతుందా?

మాది వ్యవసాయ కుటుంబం. ఇప్పుడు ట్రాక్టరు బాడుగకు తెచ్చుకుంటున్నాం గానీ మా తాత రోజుల్లో రెండు జతల ఎద్దులుండేవి. సంతలో ఎద్దును కొనేటప్పుడు డబ్బు ఇచ్చేది మా తాతే. కానీ మేడి పట్టే మనిషిని వెంట తీసుకుపోకుండా ఆయన ఏనాడూ సంతకు పోలేదని మా నాన్న చెబుతాడు. పళ్లు ఎవరైనా చూస్తారు. కాడి కట్టి నాలుగు అడుగులు నడిపించి, "ఇది నాతో వస్తుంది, ఇది రాదు" అని చెప్పగలిగేది మేడి పట్టేవాడొక్కడే. చదువురాని మా తాతకు తెలిసిన ఈ చిన్న సంగతి, డిగ్రీలు చదివే మనకు తెలియకపోవడం సిగ్గుపడవలసిన విషయం.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ప్రభుత్వ ఉన్నత విద్యా సంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు ఇవ్వాలని అందులో ఉంది. అంటే మన కాలేజీకి ఇలాంటి మిత్రులు ఏటా వస్తూనే ఉంటారు. ఈ ఏడు మళ్లీ చందాలు మొదలవుతున్నాయని విన్నాను. అందుకే యూనియన్ మిత్రులకు నా మనవి.

మొదట ఎవరికి కొంటున్నామో వాళ్లను మీటింగుకు పిలవండి. కంప్యూటర్ లాబులో ఒకరోజు పెట్టె ముందు, ఒకరోజు లాప్‌టాపు ముందు కూర్చోబెట్టండి. ఎన్.వి.డి.ఎ. ఉచితమే కాబట్టి రెండింటిలోనూ వేయవచ్చు. ఎక్కడ ఉంటారు, వారానికి ఎన్నిసార్లు ఊరికి పోతారు, కరెంటు సంగతేమిటి అని అడగండి. ఒకే చోట కూర్చుని గంటల తరబడి పని చేసేవాళ్లకు పెట్టె, తిరిగేవాళ్లకు లాప్‌టాపు అన్నది నా అభిప్రాయం. కానీ నా అభిప్రాయం కూడా చూపున్నవాడి అభిప్రాయమే! వాళ్ల మాటే ఆఖరి మాట కావాలి. మనిషికి ఇంత అని డబ్బు లెక్కగట్టి, కీబోర్డూ హెడ్‌ఫోన్లూ యు.పి.ఎస్. కూడా అందులోనే చేర్చండి.

చివరగా ఒకటి. ఏ కంప్యూటరు కొన్నా అది చదవడానికి సరైన అక్షరాలు ఉండాలి. పాత డి.టి.పి. ఫాంట్లలో కొట్టిన తెలుగు స్క్రీన్ రీడరుకు అర్థంలేని గోలగా వినిపిస్తుంది. యూనికోడ్‌లో ఉంటేనే తెలుగుగా వినిపిస్తుంది. కాబట్టి ఈ సావనీరును యూనికోడ్‌లో ఒక ప్రతి తయారు చేయించి ఆ ఇద్దరికీ ఇవ్వండి. వాళ్ల గురించి రాసిన ఈ నాలుగు మాటలు వాళ్లు చదవలేకపోతే, నేనూ కిందటేటి తప్పే మళ్లీ చేసినవాణ్ణవుతాను.