బొమ్మల కొలువులో రాక్షసబల్లులు

బొమ్మలు పసిపిల్లల ఆటవస్తువులు మాత్రమేననీ, కళాశాల మెట్లెక్కిన వారికి వాటితో పని లేదనీ మన సమాజంలో ఒక అభిప్రాయం స్థిరపడి ఉన్నది. ఈ అభిప్రాయాన్ని మేము అంగీకరించలేము. నేడు ప్రతి బజారులోను, పెనుకొండ బాబయ్య ఉరుసు వంటి తిరునాళ్ల అంగళ్లలోను డైనోసార్ బొమ్మలు విరివిగా లభిస్తున్నవి. వాటిని సేకరించి, ఇంటిలో స్వహస్తాలతో తీర్చిన దృశ్యపేటికలలో, అనగా డయోరామాలలో, ప్రదర్శించే అభిరుచి వట్టి కాలక్షేపం కాదు. అది శాస్త్రవిద్యకు చక్కని సాధనం. మన కళాశాల దానికి కొంత చోటు కల్పించవలసి ఉన్నదని ఈ వ్యాసంలో విన్నవింపదలచినాము.

డయోరామా అనగా పెద్ద విషయమేమీ కాదు. ఒక పెట్టె, వెనుక చిత్రించిన ఆకాశం, ముందు మట్టితో తీర్చిన నేల, నడుమ జీవుల ప్రతిమలు. పేరు కొత్తదే గాని పని మనకు కొత్తది కాదు. దసరాకు గాని సంక్రాంతికి గాని మన హిందూ సోదరుల ఇండ్లలో మెట్లుమెట్లుగా బొమ్మల కొలువు తీరుతుంది. క్రైస్తవుల ఇండ్లలో క్రిస్మస్‌కు గడ్డీ కాగితాలతో పశువుల పాక వెలుస్తుంది. మొహర్రంలో వెదురు బద్దలతో, రంగు కాగితాలతో కట్టే తాజియా కర్బలాలోని రౌజాకు ప్రతిరూపమే. ఇవన్నీ భక్తికి సంబంధించినవి. వీటిని ఆటలతో సమానం చేయడం మా ఉద్దేశం కాదు. దూరాన ఉన్నదానిని కళ్లెదుట నిలుపుకొనే చేతిపని మన ఇండ్లలో తరతరాలుగా ఉన్నదని మాత్రమే మేము చెప్పదలచినది. ధర్మవరం చేరువలోని నిమ్మలకుంటలో మేకతోలును పలుచన చేసి, రంగులు వేసి, దీపకాంతిలో పురాణపురుషులను నడిపించే కళాకారులు నేటికీ ఉన్నారు. అటువంటి సీమలో పుట్టినవారికి ఒక పెట్టెలో ప్రాచీన అరణ్యాన్ని నిలపడం అసాధ్యమా?

డైనోసార్లే ఎందుకు అని అడుగవచ్చు. అవి పరదేశపు జంతువులని చాలామంది తలపోస్తున్నారు. అంగళ్లలో దొరికే బొమ్మలు అమెరికాలో దొరికిన టైరనోసారస్, స్టెగోసారస్, ట్రైసెరటాప్స్‌లవి కావడమే అందుకు కారణం. కాని మన గోదావరి, ప్రాణహిత లోయలోని కోట శిలలలో సుమారు 18 కోట్ల సంవత్సరాల నాటి డైనోసార్ల ఎముకలు బయల్పడినవి. తెలంగాణలోని యామనపల్లి వద్ద కనీసం 12 జంతువులకు చెందిన 840 ఎముకలు లభించగా, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో ఆ జంతువుకు 'కోటసారస్ యామనపల్లియెన్సిస్' అని నామకరణం చేశారు. దాని అస్థిపంజరం హైదరాబాదులోని బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉన్నది. అదే శిలలలో మహారాష్ట్ర వైపు దొరికిన మరొక జంతువు పేరు 'బరపాసారస్ టాగోరి'. 'బరపా' అనగా బెంగాలీలో పెద్ద కాలు. త్రవ్వకాలు రవీంద్రుని శతజయంతి కాలంలో సాగినందున ఆయన పేరును జతచేసి 1975లో లోకానికి ప్రకటించారు. దాని అస్థిపంజరం కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నది. గుజరాత్‌లోని బాలాసినోర్ పూర్వ నవాబుల వంశానికి చెందిన ఆలియా సుల్తానా బాబీ అక్కడి రాయోలీ శిలాజక్షేత్రం పరిరక్షణకు ఎంతో పాటుపడి, చూడవచ్చిన వారికి దాని చరిత్రను స్వయంగా వివరిస్తూ పేరుపొందారు. అక్కడ 2019లో డైనోసార్ మ్యూజియం వెలసినది. మన విద్యార్థినులు ఈ ఉదాహరణను ప్రత్యేకంగా గమనింపగోరుతున్నాము.

ఇక బొమ్మతో చదువు ఎట్లా వస్తుందో చూద్దాము. మొదటిది కొలత. బరపాసారస్ పొడవు సుమారు 14 మీటర్లు. నలభైవ వంతుగా తగ్గించి చేస్తే 35 సెంటీమీటర్ల బొమ్మ అవుతుంది. అదే కొలతలో సుమారు 27 అడుగుల పొడవున్న మన లేపాక్షి బసవన్న 20 సెంటీమీటర్లకు, సగటు మనిషి 4 సెంటీమీటర్లకు వస్తారు. ఈ మూడింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినవాడు నిష్పత్తి పాఠాన్ని జీవితంలో మరువడు.

రెండవది కాలం. అంగడిలో ఒకే సంచిలో అమ్మే స్టెగోసారస్, టైరనోసారస్‌లు ఒకదానినొకటి ఎన్నడూ చూచి ఎరుగవు. వాటి నడుమ సుమారు 8 కోట్ల సంవత్సరాల ఎడమున్నది. టైరనోసారస్‌కూ మనకూ నడుమ ఉన్న ఎడం అంతకంటె తక్కువ, సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాలు. కావున రెండింటినీ ఒకే పెట్టెలో నిలిపి యుద్ధం చేయించేవాడు చరిత్రను తప్పుగా చదివినట్లే.

మూడవది పరిసరం. కోటసారస్ కాళ్ల క్రింద పచ్చగడ్డి పరచరాదు. నాటికి భూమిపై గడ్డి జాతి ఉన్నట్లు ఆధారం లేదు. ఫెర్న్ మొక్కలు, సైకడ్లు, దేవదారు వంటి చెట్లు మాత్రమే నిలపవలెను. అయితే మహారాష్ట్రలోని పిస్దూరా వద్ద దొరికిన, డైనోసార్ల యుగాంతానికి చెందిన శిలాజపు పేడలో గడ్డిజాతి ఆనవాళ్లు ఉన్నట్లు 2005లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. కావున ఆ కాలపు దృశ్యంలో గడ్డి ఉండవచ్చు. ఒక గడ్డిపోచ ఉంచవలెనా తీసివేయవలెనా అని తేల్చుకొనుటకే నాలుగు పుస్తకాలు తిరగవేయవలసి వస్తుంది. చదువు అనగా అదే కదా.

నాలుగవది, అన్నింటికంటె ముఖ్యమైనది, తెలిసినదానికీ ఊహించినదానికీ గల భేదం. కోటసారస్ పుర్రె దొరకలేదు. బరపాసారస్‌కు దంతాలు దొరికినవి గాని పుర్రె దొరకలేదు. కావున వాటి బొమ్మకు మనం పెట్టే తల ఊహ మాత్రమే. ఆ తలను వేరు రంగులో ఉంచి, 'ఇది ఊహ' అని చీటీ అంటించిన విద్యార్థి శాస్త్రజ్ఞుని మార్గంలో మొదటి అడుగు వేసినవాడు. పెద్దవారు సైతం ఇటువంటి ఊహలలో పొరబడినారు. 1854లో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ తోటలో వాటర్‌హౌస్ హాకిన్స్ అను శిల్పి నిలిపిన ఇగ్వానోడాన్‌కు ముక్కుపై కొమ్ము ఉన్నది. అది కొమ్ము కాదనీ, బొటనవ్రేలి ముల్లనీ పిదప తెలిసినది. ఆ శిల్పాలను నేటికీ పదిలంగా కాపాడుకొంటున్నారు. తెలివి ఏ మెట్లు ఎక్కి వచ్చినదో అవి చూపుతున్నవి.

ఇందుకు వచ్చే ఆక్షేపణలను పరిశీలించుదాము. పరీక్షలలో దీనికి మార్కులు లేవని కొందరందురు. నిజమే. కాని కొలతలు, భూగర్భశాస్త్రం, వృక్షశాస్త్రం ఒక పెట్టెలో కలిసివచ్చినప్పుడు మార్కుల పుస్తకం కూడ తేలికపడుతుంది. జీవుల ఆకృతులను ఇంటిలో నిలుపుట తగునా అని కొందరు పెద్దలు సందేహిస్తారు. ఈ సందేహాన్ని మేము తేలికగా త్రోసివేయము. మతవిషయంలో తీర్పు చెప్పుట ఉలమాల పని. హజ్రత్ ఆయిషా బాల్యంలో బొమ్మలతో ఆడుకొన్నారనీ, వాటిలో రెక్కల గుర్రం ఒకటి ఉండేదనీ, దానిని చూచి ప్రవక్తగారు నవ్వినారనీ హదీసు గ్రంథాలలో ఉన్నదని మాత్రం గుర్తుచేయుచున్నాము. అప్పటికీ మనస్సు ఒప్పనివారు అస్థిపంజరాన్నో, అడుగుజాడలనో, గ్రుడ్ల గూటినో మలచవచ్చును. శాస్త్రానికి దొరికినవి కూడ అవే.

ఖర్చు విషయం. బొమ్మలు కొనితీరవలెనన్న నియమం లేదు. కోటసారస్ బొమ్మ మన అంగళ్లలో మాకు కనబడనే లేదు, దానిని చేసుకొనవలసినదే. పాతకాగితాలు నానబెట్టి రుబ్బిన గుజ్జు, చింతగింజల జిగురు, ధర్మవరం పట్టుచీర వచ్చిన అట్టపెట్టె, చిత్రావతి ఇసుక, సరుగుడు రెమ్మలు చాలును. చింతపండు మార్కెట్టుకు పేరుపొందిన హిందూపురంలో చింతగింజలకు కరువా?

ఒక సత్యాన్ని కూడ దాచరాదు. మన పెనుకొండ గుట్టలలో డైనోసార్ ఎముకల కొరకు వెదకుట వ్యర్థం. మన ప్రాంతపు నల్లసేనపు రాళ్లు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. డైనోసార్లు పుట్టుటకు ఎంతో ముందువి. కాని ఈ మాట కూడ పెట్టె ప్రక్కన చీటీపై వ్రాయదగినదే. డైనోసార్లు పుట్టి, పెరిగి, అంతరించినంత కాలమూ మన గుట్టల రాయి ఉండనే ఉన్నదని తెలిసిన బాలుడు రేపు ఆ గుట్టను చూచే చూపు వేరుగా ఉంటుంది.

హిందూపురం నుండి హైదరాబాదు మ్యూజియం నాలుగు వందల కిలోమీటర్లకు పైబడిన దూరం. రోజుకూలి మానుకొని పిల్లలను అంతదూరం తీసుకొనిపోగల తల్లిదండ్రులు మన విద్యార్థులలో ఎందరికి ఉన్నారు? పిల్లలు మ్యూజియానికి పోలేనప్పుడు మ్యూజియమే పిల్లల వద్దకు రావలెను. కావున కమిటీవారికి మా విన్నపం మూడు మాటలు. గ్రంథాలయంలో ఒక గాజు బీరువాను ఇందుకు కేటాయించవలెను. ప్రతి పెట్టె ప్రక్కన ఉర్దూ, తెలుగు రెండు భాషలలోను వివరణ వ్రాయించవలెను. రెండు భాషలలో వ్రాయబూనిన విద్యార్థికి విషయం రెండుమార్లు అర్థమగును. సంవత్సరానికొకసారి పెనుకొండ, ధర్మవరం, హిందూపురం పాఠశాలల పిల్లలను పిలిచి చూపవలెను. బహుమతి ఇవ్వదలచినచో అందమైన పెట్టెకు గాక, ఏది తెలిసినదో ఏది ఊహయో నిజాయితీగా చీటీ వ్రాసిన పెట్టెకు ఇవ్వవలెనని మా మనవి.