చిమ్నీ ఒక్కటే మిల్లు కాదు

బృహన్ముంబై మహానగర పాలక సంస్థ కమిషనర్ గారికి,

ముంబై గురించిన ఈ లేఖ తెలుగులో ఉందేమిటని ఆశ్చర్యపోకండి. మీ కామాఠిపురకు ఆ పేరు తెలుగు నేల నుంచి వలస వచ్చిన కామాఠీ కూలీల వల్లే వచ్చింది. వాళ్ల తర్వాత మా పద్మశాలీలు మిల్లుల వాడ గిరణ్‌గావ్‌లో పనికి చేరారు. మా తాత సిరిసిల్ల నుంచి వచ్చి సాంచా ఖాతాలో, అంటే మగ్గాల విభాగంలో, పనిచేశాడు. మరమగ్గాన్ని మా ఊళ్లో ఇప్పటికీ సాంచ అనే అంటారు.

పదేళ్లుగా కెమెరా మెడలో వేసుకుని పరేల్, లాల్‌బాగ్, వర్లీ తిరుగుతున్నాను. ఒకసారి ఫొటో తీసిన చోటికి మళ్లీ వెళ్తే చాలాసార్లు రేకుల దడి ఎదురవుతుంది. 1982 నాటి మిల్లు కార్మికుల సమ్మె మిల్లుల్ని మూయించిందని అందరూ చెబుతారు. మిల్లు నేల రూపురేఖల్ని మార్చింది మాత్రం మిల్లు భూముల నిబంధనకు 2001లో చేసిన సవరణ. అంతకుముందు ఆ భూమిలో నగరానికి, సామాన్యుల ఇళ్లకు, యజమానికి తలా ఒక వాటా. సవరణ తర్వాత పంపకం ఖాళీ స్థలానికే పరిమితమైంది, షెడ్ల కింది నేల లెక్కలోకి రాలేదు. 2006లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. నా ఫొటోల్లో షెడ్లు పోయి అద్దాల టవర్లు కనబడుతున్నాయంటే, అందులో ఈ సవరణ పాత్ర చిన్నది కాదు.

ఫీనిక్స్ మిల్లు చిమ్నీ మాల్ మధ్యలో ఇంకా నిలబడి ఉంది. సంతోషమే. కానీ పొగ రాని చిమ్నీ పక్కన కాఫీ తాగేవాళ్లకు మిల్లంటే ఏం తెలుస్తుంది? మిల్లంటే రంపపు పళ్లలాంటి ఆ కప్పు. దాని అద్దాలు ఉత్తరం వైపే ఎందుకుంటాయంటే, ఎండ నేరుగా పడకుండా రోజంతా ఒకే తీరు వెలుతురు రావాలి, తెగిన పోగు కంటికి ఆనాలి. మేం ఫొటోగ్రాఫర్లం కోరుకునేదీ ఆ వెలుతురునే.

మూతపడిన ఒక మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఆపి అనుమతి పత్రం తెమ్మన్నాడు. ఒక ఆఫీసులో నా అర్జీ ఆ బల్ల నుంచి ఈ బల్లకు తిరిగింది. కాగితం చేతికొచ్చేసరికి షెడ్డు లేదు. వాచ్‌మన్ మాత్రం ఉన్నాడు, ఈసారి పాపం టీ ఇప్పించాడు.

కూల్చడం ఆపమని నేను అడగను. మిల్లు కార్మికులుండే బీడీడీ చాళ్లలో 160 చదరపు అడుగుల గదిలో తరాలు గడిపినవాళ్లకు 500 అడుగుల ఇల్లు రావడం న్యాయం. కానీ కూల్చివేతకు అనుమతి ఇచ్చే ముందు కొలతల పటాలు, లోపలా బయటా ఫొటోలు తప్పనిసరి చేయండి. వాటిని ఎవరైనా చూసేలా ఉంచండి. కాళాచౌకీలో మీరు తలపెట్టిన జౌళి మ్యూజియానికి కార్మికుల ఇళ్లలోని ఫొటోలనూ అడిగి తీసుకోండి. యంత్రాల పక్కన ఆ మనుషుల ముఖాలూ ఉండాలి.

మా ఇంట్లో ఉన్నది తాత గుర్తింపు కార్డు ఒక్కటే. దాని మీది ఫొటోలో ఆయన వెనక తెల్లగుడ్డ తప్ప మిల్లు కనబడదు. అడిగితే ఇస్తాను.

ఇట్లు,
ఒక నేత కార్మికుడి మనవడు