వెన్నుపాము దెబ్బతిన్నవారికి తోటివారి తోడు: ప్రతి జిల్లా ఆసుపత్రియందును ఏర్పరుపవలెనని విన్నపము



తాటిచెట్టుపై మోకు జారి పడిన గీత కార్మికుడు గాని, కట్టుచున్న మేడమీదినుండి కాలు తప్పిన తాపీపనివాడు గాని, రాత్రివేళ రహదారిపై మోటారుసైకిలు బోల్తాపడిన యువకుడు గాని వెన్నుపాము దెబ్బతిని ఆసుపత్రి చేరినపుడు, శస్త్రచికిత్స చేసి, వెన్నుపూసలను మరలతో బిగించి, కుట్లు మానినంతనే ఇంటికి పంపుట మన ప్రాంతమున తరచుగా జరుగుచున్నది. ప్రాణము నిలిపిన వైద్యులకు మనమెల్లరము కృతజ్ఞులము. కాని నడుము క్రింద స్పర్శ యెరుగని దేహముతో గడప దాటి వచ్చిన ఆ మనుష్యుడు మరునాటినుండి ఎట్లు కూర్చుండవలెనో, మూత్రమెట్లు విడువవలెనో, భార్యతో ఎట్లు మెలగవలెనో, ఏ పని చేసి బిడ్డలను పోషింపవలెనో చెప్పగలవాడు ఆ ఊరిలో ఒక్కడైనను ఉండుట అరుదు.

ఈ సంగతులను వైద్యులును నర్సులును ఎరుగుదురు. కాని క్రిక్కిరిసిన వార్డులో వారు ఒక్కొక్క రోగికి ఈయగల కాలము స్వల్పము. ఆ కాలమునందును రోగి మనస్సు తాను మరల నడచునా యను ఒక్క ప్రశ్నమీదనే నిలిచియుండును గాన తక్కిన మాట లేవియు చెవికెక్కవు. అట్టివాని యెదుటికి, ఏండ్ల తరబడి చక్రాల కుర్చీలో బ్రదుకుచున్న మరియొకడు వచ్చి, మాటల నడుమ కుర్చీ చేతులపై అరచేతులానించి దేహమును పైకెత్తి దించినచో, ఇదేమని రోగియే అడుగును. స్పర్శలేని చోట బరువు నిలిచినచో రక్తప్రసారమాగి పుండు పడుననియు, అందుచే పావుగంటకో అరగంటకో బరువు తప్పింపవలెననియు, మంచముమీద రెండేసి గంటలకు ప్రక్క మార్చవలెననియు, ప్రతిదినము అద్దముపట్టి వెనుకభాగము చూచుకొనవలెననియు అప్పుడు చెప్పిన మాట మనస్సున నాటుకొనును.

ప్రాణము దక్కించు జ్ఞానమును ఇట్లే అందవలసియున్నది. రొమ్ము భాగపు ఆరవ పూసవద్ద గాని అంతకు పైన గాని దెబ్బతగిలినవారికి, మూత్రాశయము నిండినను, మూత్రపు గొట్టము మెలికపడినను, మలబద్ధమైనను, రక్తపుపోటు హఠాత్తుగా పెరిగి తల పగులునట్లు నొప్పియు, ముఖమున చెమటయు కలుగవచ్చును. ఇంటివారు దానిని సామాన్యమైన తలనొప్పిగా భావించి మాత్రయిచ్చి పడుకొనబెట్టుదురు. చేయవలసినది దానికి విపరీతము: వెంటనే లేపి కూర్చుండబెట్టి, బిగుతైన బట్టలు వదులు చేసి, గొట్టపు మెలిక సరిచేసి, తగ్గనిచో తడవు చేయక ఆసుపత్రికి చేర్చవలెను. ఆ బాధను స్వయముగా పడినవాడు చెప్పినపుడు ఇంటిల్లిపాది శ్రద్ధగా విందురు.

స్త్రీల స్థితి మరింత దుస్సహము. బహిష్టు దినములను గూర్చియు, దాంపత్యమును గూర్చియు అడుగుటకు సాటి స్త్రీ లేక, వెన్నుపాము దెబ్బతిన్న స్త్రీ గర్భము ధరించి బిడ్డను కనగలదను సత్యమైనను తెలియక, ఎందరో మౌనముగా కుములుచున్నారు. పురుషునికి పురుషుడును, స్త్రీకి స్త్రీయు తోడుగా దొరకని ఏర్పాటు అసంపూర్ణమనియే నా నిశ్చితాభిప్రాయము.

తోడులేని కుటుంబమునకు మరియొక ఆపద పొంచియున్నది. మూలకణములతో నడిపింతుమని ఆశచూపువారిని నమ్మి ఉన్న ఎకరము అమ్ముకొనువారు కలరు. వెన్నుపాము గాయమునకు అట్టి చికిత్సను, ఆమోదము పొందిన పరిశోధనలో తప్ప, వ్యాపారముగా చేయరాదని భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకములు స్పష్టపరచినవి. ఆ సంగతిని కాగితము చెప్పినదానికంటె తోటి బాధితుడు చెప్పినపుడు ఎక్కువ విశ్వాసము కలుగును.

ఇది క్రొత్త ఊహ కాదు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్మన్ వైద్యుడు వెన్నుపాము గాయపడిన సైనికులకు ప్రత్యేక విభాగము తెరచి, వారినందరిని ఒక్కచోట చేర్చెను. అంతకు పూర్వము పుండ్లచేతను మూత్రపిండముల వ్యాధిచేతను అకాలమరణము పాలగుచుండినవారు అచ్చట చికిత్స పొందుచు, ఒకరినొకరు చూచి కోలుకొనిరి; 1948లో పదునారుగురు కుర్చీలలో కూర్చుండి విలువిద్యలో పోటీపడిరి; నేటి పారాలింపిక్ క్రీడలకు అదియే బీజము. మనకు చేరువనే, రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో, 1954లో కారు ప్రమాదమున రెండు కాళ్లు చచ్చుపడిన మేరీ వర్గీస్ వైద్యురాలు కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసి, పిమ్మట పునరావాస వైద్యశాఖను నెలకొల్పెను. తన వంటి దేహముతోనే తన్ను చూడవచ్చిన వైద్యురాలు రోగికి కలిగించిన ధైర్యమెంతటిదో వేరుగ చెప్ప నక్కరలేదు. చిత్తూరు సీమనుండి నేటికిని అచ్చటికి పోవు తెలుగువారు పెక్కండ్రు. ఆదిలాబాదు, శ్రీకాకుళముల పేదలకు ఆ దూరము ఎట్లు సాధ్యము?

కనుక మా కోరిక ఇది. ఉభయ తెలుగు రాష్ట్రములందు ప్రతి జిల్లా ఆసుపత్రికిని వెన్నుపాము గాయముతో జీవించుచున్న ఒక పురుషుని, ఒక స్త్రీని ఎన్నుకొని, శిక్షణ ఇచ్చి, రోగి డిశ్చార్జికి ముందే వారు అతనిని కలిసి, తరువాత ఇంటికి పోయి చూచునట్లు నియమింపవలెను. బస్సు మెట్లెక్కలేనివారిని ఉచితముగ రమ్మనుట అన్యాయము. గౌరవవేతనమును, ప్రయాణపు ఖర్చును ఈయవలెను. ఊరి స్త్రీనే ఎన్నుకొని, శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కార్యకర్తగా నిలుపుట 2005నుండి ఆశా పథకమున మనము చూచుచున్నదే. వీరు తప్పుడు వైద్యము చెప్పుదురేమో యను శంక సహేతుకమే. అందులకే శిక్షణయు, మందుల జోలికి పోరాదను కట్టుబాటును, వైద్యుని పర్యవేక్షణయు అడుగుచున్నాము. శక్త్యనుసారము పునరావాస సేవలను కల్పించు బాధ్యతను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రభుత్వములపై నుంచియే యున్నది.

సదరం శిబిరమునకు వైకల్య ధ్రువపత్రముకొరకు వచ్చు బాధితులు గంటల తరబడి ఒకే వరండాలో వేచియుండియు పరిచయము లేకయే తిరిగిపోవుచున్నారు. తోడుగా నిలుచుటకు సమ్మతించినవారి పేర్లను అచ్చటనే వ్రాసికొనవచ్చును. దీనికి పైసా ఖర్చు లేదు.

సోమవారమున కలెక్టరు కచేరీలో అర్జీలు స్వీకరింతురు. మీ మండలమున వెన్నుపాము దెబ్బతిన్నవారు, వారి భార్యలు, తల్లులు, గీత కార్మిక సంఘమువారు, భవన నిర్మాణ కార్మికులు కలిసి సంతకములు చేసి, పై కోరికను వ్రాసి, అర్జీ సంఖ్య గల రసీదు తీసికొనుడు. కుర్చీలో రాగలవారు తామే వచ్చి ఆ అర్జీని కలెక్టరుగారి చేతికిండు.